అప్‌డేట్: బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం. విటమిన్ సి లోపం కాదు

బ్రష్ చేసినప్పుడల్లా చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, విటమిన్ సి మాత్రలు వాడాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు డెంటిస్టుకి చూపించు, షుగర్ టెస్టు కూడా చేయించు" అన్న సలహానే పనికొచ్చింది.

డెంటిస్టు చూస్తే అసలు కారణం తెలిసింది: కింది ముందు పళ్ల లోపలి వైపు గార గట్టిగా పేరుకుని చిగుళ్లు వాచాయి. కొన్ని లాలాజల నాళాలు అక్కడ తెరుచుకుంటాయి కాబట్టి గార అక్కడ ఎక్కువ కడుతుందట. కొలిస్తే చిగురుకీ పంటికీ మధ్య సందు 4-5 మి.మీ. ఉంది (3 దాకా మామూలే). హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7.1% వచ్చింది, అంటే షుగర్ ఉన్నట్టే. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల వాపు త్వరగా తగ్గదు.

రెండు విడతల్లో స్కేలింగ్ (గార గీకి తీయడం) చేశారు. రోజూ రాత్రి పళ్ల సందుల బ్రష్ వాడాక రెండు వారాల్లో రక్తం ఆగింది. గట్టిపడిన గార ఏం తిన్నా కరగదు, గీకి తీయాల్సిందే.

విటమిన్ సి సంగతి: పెద్దవాళ్లకి రోజుకి 65-80 మి.గ్రా. చాలు, ఒక మోస్తరు జామకాయతో వచ్చేస్తుంది. లోపం లేనివాళ్లు మాత్రలు మింగినా చిగుళ్లకి ఒరిగేదేం లేదు. పైగా చప్పరించే మాత్రలు, రోజంతా గుక్కగుక్కగా తాగే నిమ్మరసం పంటి ఎనామెల్‌ని (గట్టి పైపొరని) తినేస్తాయి. ఉప్పు-బొగ్గుపొడితో తోమడం కూడా అంతే, అరుగుదల తప్ప లాభం లేదు.

తిండిలో మారింది ఒకటే: భోజనాల మధ్య చక్కెర టీ, బిస్కెట్లు మానేశాను. షుగర్‌కి మందులు మొదలయ్యాయి. మూడు నెలలకి చిగురుకీ పంటికీ మధ్య సందులు మళ్లీ కొలుస్తారు.