మనం ఎక్కించిన రికార్డుల వివరాలు కంపెనీలకు ఊరికే ఎందుకివ్వాలి?

పాతరికార్డు:
మొన్న రాత్రి ఒకే ఒక్క ఎల్పీ వివరాలను డిస్కాగ్స్‌లో (వాడేవాళ్లే రికార్డుల వివరాలు రాసే, రికార్డులు కొని అమ్ముకునే వెబ్‌సైటు) ఎక్కించడానికి గంటన్నర పట్టింది. అట్ట మీద ఉన్నది రాస్తే సరిపోదు కదా. చివరి పాట అయ్యాక గాడులకీ లేబుల్‌కీ మధ్య నున్నగా ఉండే చోట చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్ కావాలి, ఏ ప్రెస్సింగో, అంటే ఏ విడత అచ్చో, తేలేది దానితోనే. ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి అటూ ఇటూ తిప్పితే గానీ ఆఖరిది 3 కాదు, 8 అని అర్థం కాలేదు. సబ్మిట్ కొట్టాక బుర్రలో పురుగు దొలిచింది. డిస్కాగ్స్ ఒక ప్రైవేటు కంపెనీ. ఆ పేజీలో రికార్డు అమ్ముడైతే కమిషన్ వాళ్లది. పైగా డేటా అంతా సీసీ0 (హక్కులన్నీ వదులుకునే లైసెన్సు) కింద నెలనెలా ఒకే మూటగా, అంటే డంప్‌గా బయట పెడతారు, ఎవరైనా తీసుకుని వ్యాపారం చేసుకోవచ్చు, మన పేరు చెప్పే పని కూడా లేదు. ఇలాంటి డేటాకి ‘వ్యాపారానికి వాడకూడదు’ అని షరతు ఉండాలా, వద్దా? నేనైతే ఉండాలంటాను.

ట్యాగులపిచ్చి:
వద్దండీ. మీ బాధ సీడీడీబీ (సీడీల్లోని పాటల పేర్లు చెప్పే ఆన్‌లైన్ డేటాబేస్) రోజుల్లోనే జనం పడ్డారు. చాలా ఆడియో సీడీల్లో పాటల పేర్లే ఉండవు, ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో మాత్రమే ఉంటుంది. ఆ లెక్కల్లోంచి ఒక గుర్తింపు సంఖ్య తీసి, దానికి పేర్లు జతచేసే పద్ధతిని టీ కాన్ 1993 ప్రాంతంలో మొదలుపెట్టాడు. పేర్లు టైప్ చేసింది మాత్రం వాడేవాళ్లే, అదీ ఉచితంగా. తర్వాత అది చేతులు మారింది, గ్రేస్‌నోట్ అయింది, 2001లో లైసెన్సు లేని ప్లేయర్ సాఫ్ట్‌వేర్లకు తలుపు మూసింది. 2008లో సోనీ దాన్ని 26 కోట్ల డాలర్లకు కొంది. అంతకుముందే బయటికి వచ్చిన కాపీ పట్టుకుని ఫ్రీడీబీ మొదలైంది కాబట్టి కొంతైనా దక్కింది. ఆ ఫ్రీడీబీ 2020లో మూతపడినా దాని డేటా వేరే సర్వర్లలో ఇంకా తిరుగుతోంది. షరతులు పెడితే ముందు జడిసేది ఇలా కాపీలు దాచే చిన్నవాళ్లే. పెద్ద కంపెనీకి లాయర్లుంటారు.

పాతరికార్డు:
మీరు చెప్పిన కథ నా వైపే ఉందే! వ్యాపారం కూడదని ముందే రాసుకుని ఉంటే ఆ 26 కోట్లు ఎక్కడివి?

ట్యాగులపిచ్చి:
షరతు బయటివాళ్లకండీ. సర్వర్ ఓనర్‌కి మనమే సబ్మిట్ కొట్టి హక్కులిచ్చేస్తున్నాం. అయినా వ్యాపారమంటే ఏది? పక్కన ఒక ప్రకటన పెట్టుకున్న పాటల యాప్ వ్యాపారమేనా?

బీసైడ్:
ఇద్దరూ లైసెన్సు పట్టుకునే వేలాడుతున్నారు, ఓనర్ ఎవరన్నది వదిలేశారు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ చూడండి, అదీ జనం నింపే పాటల వివరాల డేటాబేసే. సీడీడీబీ కంపెనీ చేతుల్లోకి పోయాకే రాబర్ట్ కే దాన్ని మొదలుపెట్టాడు, 2004 నుంచి మెటాబ్రెయిన్జ్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది. కళాకారుడు, ఆల్బమ్, ట్రాక్ లాంటి మూల వివరాలు సీసీ0. జనం ఇచ్చే ట్యాగులు, రేటింగుల్లాంటి వాటికి మాత్రం పాతరికార్డు గారు అడిగిన షరతే, వ్యాపారానికి వాడకూడదని. డబ్బు ఎలా అంటారా? డంప్ ఊరికే ఇస్తారు. గంటగంటకూ తాజా మార్పులు కావాలనే కంపెనీల దగ్గర వసూలు చేస్తారు. నాకైతే ఇది తెలివైన పని. పేర్లకీ తేదీలకీ కంచె వేయడం కన్నా తాజాదనాన్ని అమ్ముకోవడం నయం.

(అక్కడ మన మార్పులపై మిగతావాళ్లు వేసే ఓటింగ్ మాత్రం ఓపికకు పరీక్ష. ఒక కామా మార్చడానికి నా ఎడిట్ ఏడు రోజులు వేలాడింది. ఒక్కరూ ఓటేయలేదు, గడువు తీరాక దానంతటదే పాసైంది.)

పాతరికార్డు:
లాభాపేక్ష లేని సంస్థ అయితే నా అభ్యంతరం సగం పోయినట్టే, ఒప్పుకుంటాను. మిగతా సగం అలాగే ఉంది. నా గంటన్నర మీద ఎవరో సంపాదించుకుంటే నాకు చిరాకే, అది వాదనతో పోయేది కాదు.

ఇంకో సంగతి. ఇందాకే చూశాను, ఎవరో నా పేజీని సరిచేశారు. తన దగ్గరున్న కాపీ ఫొటో జతచేసి మరీ రాశాడు: ఆఖరిది 3 కాదు, 8 కూడా కాదు, ‘బీ’ అక్షరమట.