పెన్సిల్ బొమ్మను ఎన్నిసార్లు దిద్దాలి? ఎక్కువ దిద్దితే ప్రాణం పోతుందా?

నల్లసిరా:
24 పేజీల బొమ్మల కథ వేస్తున్నాను. మా అమ్మమ్మ ఊళ్లో చెరువు గట్టు తెగిన రాత్రి కథ. ఏడో పేజీ దగ్గర రెండు నెలలుగా ఆగిపోయాను. ఐదుసార్లు గీశాను. ఐదో బొమ్మలో తప్పు పట్టడానికేమీ లేదు, చెయ్యి చెయ్యిలా ఉంది, గట్టు గట్టులా ఉంది. కానీ మొదట చిత్తుకాగితం మీద అగ్గిపెట్టెంత వేసుకున్న బొమ్మలో అమ్మమ్మ పరిగెడుతోంది. ఇప్పుడు పరుగు భంగిమలో నిలబడి ఉంది. అందుకే నా వాదన ఇది: రెండోసారితో దిద్దడం ఆపెయ్యాలి. ఆ పైన చేసేదంతా గీతను చంపడమే. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

గోదారిగట్టు:
నేను కాదంటాను. టిన్‌టిన్ కథలు వేసిన బెల్జియం చిత్రకారుడు ఎర్జే పెన్సిల్ పేజీలు అచ్చులో దొరుకుతాయి, చూడండి. ఒక్క చేతికే గీత మీద గీత, కాగితం నల్లబడేదాకా వెతుకుతాడు. ఆ గుబురులోంచి తనకు కావలసిన ఒక్క గీతను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి, కొత్త షీటు మీదికి దించి, అప్పుడు ఇంకు వేసేవాడు. అంత శుభ్రమైన గీత వెనక అంత దిద్దుబాటు ఉంది. మీరు ఐదుసార్లు గీయడం తప్పు కాదు. ప్రతిసారీ తెల్లకాగితంతో మొదలుపెట్టడం తప్పు. పాత గీతను పారేసి కొత్తది గీస్తే వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది.

నల్లసిరా:
మీరు చెప్పిన మనిషే నాకు సాక్ష్యం అండీ. 1983లో ఆయన పోయేనాటికి చివరి కథ చిత్తుబొమ్మల్లోనే ఉండిపోయింది. 1986లో వాటిని అలాగే అచ్చువేశారు. ఆ గజిబిజి గీతల్లో ఉన్న వేగం నాకు ఆయన ఇంకు పేజీల్లో కనపడదు.

రెండో ముద్రణ:
ఇక్కడ నేను నల్లసిరా గారి పక్షం. ఎర్జేదే ఇంకో ఉదాహరణ. స్కాట్లాండ్‌లో జరిగే టిన్‌టిన్ కథ రంగుల పుస్తకం 1943లో వచ్చింది. తర్వాత బ్రిటిష్ ప్రచురణకర్త అందులోని తప్పులన్నీ జాబితా రాసి పంపితే, సహాయకుణ్ణి అక్కడికి పంపి స్కెచ్‌లు వేయించి, పుస్తకం మొత్తం మళ్లీ గీసి 1966లో వేశారు. రైళ్లు, కార్లు, పోలీసు దుస్తులు అన్నీ సరిపోయాయి. నాకు మాత్రం ఇప్పటికీ పాతదే ఇష్టం. అందులో బొమ్మ కథ వెంట నడుస్తుంది, కొత్తదాంట్లో వివరాల దగ్గర ఆగుతుంది.

అయితే రెండుసార్లే అని గిరి గీయకండి. పీనట్స్ అనే అమెరికా దినపత్రికల బొమ్మల వరస (స్ట్రిప్) వేసిన షుల్జ్ పెన్సిల్‌తో పైపైన గుర్తులు పెట్టుకుని సరాసరి ఇంకు వేసేవాడు. 1950 నుంచి 2000 దాకా దాదాపు 18 వేల స్ట్రిప్పులు, సహాయకులు లేకుండా. రోజూ అవే మొహాలు, నాలుగు గళ్లు. చీకట్లో జనం, నీళ్లు, తెగిన గట్టు ఉన్న పేజీకి ఆ పద్ధతి చాలదు.

అక్షరాల పెట్టె:
అందరూ గీత గురించే మాట్లాడుతున్నారు. ఏడో పేజీలో మాటలెక్కడ పెట్టారు?

నేను బొమ్మల కథలకు తెలుగు అక్షరాలు రాస్తాను. చాలా పేజీలు చచ్చిపోయేది అక్కడే. ఇంగ్లీషు కామిక్సులో అన్నీ పెద్దక్షరాలే, ఒకే ఎత్తు. వరసల మధ్య సందు ఇరుకైనా చెల్లుతుంది. మనకు పైన గుడి, కింద వత్తు. పై వరసలో 'స్త్రీ' పడి, సరిగ్గా దాని కింద 'కీ' వస్తే రెండూ ఢీకొంటాయి. మాటలూ పొడుగే. 'రాలేకపోతున్నానమ్మా' ఒక్క మాట, విరగ్గొడితే చదివేవాడి కన్ను తడబడుతుంది. అంచేత మన మాటల బుడగకు ఎత్తూ వెడల్పూ రెండూ ఎక్కువ కావాలి. చిత్తుబొమ్మలోనే బుడగకు చోటు వదలకపోతే, చివర్లో దాన్ని ఇరికించడానికి మనిషిని పక్కకు నెడతాం. దాన్నే దిద్దడం అనుకుంటాం.

నల్లసిరా:
ఇప్పుడే ఆరు బొమ్మలూ వరసగా పరిచి చూశాను. చిత్తుబొమ్మలో బుడగ లేదు. రెండోసారి గీసినప్పుడు 'గట్టు మీదికి రాకండర్రా!' అన్న కేక పైన పెట్టాను. దానికోసం అమ్మమ్మ ఎత్తిన చెయ్యిని భుజం దాకా దించేశాను. మిగతా మూడుసార్లూ ఆ దించిన చెయ్యినే చక్కగా గీస్తూ కూర్చున్నాను.

చెయ్యి సంగతి ఒప్పుకుంటున్నాను. మొహం సంగతి ఒప్పుకోను. బుడగ మొహానికి అడ్డం రాలేదు, అయినా భయం ప్రతిసారీ కొంచెం తగ్గుతూ వచ్చింది.

గోదారిగట్టు:
అయితే చిత్తుబొమ్మను జిరాక్స్‌లో పెద్దది చేయించి, లైట్ టేబుల్ (కింద దీపం ఉన్న గాజు బల్ల) మీద పెట్టి, మొహం వరకు పెన్సిల్ లేకుండా నేరుగా ఇంకు వెయ్యండి. పాడైతే ఆ ముక్క మీద కాగితం అతికించుకోవచ్చు. కేకను గడి కిందికి తెచ్చి, చెయ్యిని మళ్లీ పైకెత్తండి.

అక్షరాల పెట్టె:
కేక కిందికి వద్దు. మన కన్ను ముందు పైనే పడుతుంది, కేక వినపడ్డాకే పరుగు కనపడాలి. గడినే అర అంగుళం పొడుగు చెయ్యండి, కింది గడిలో నీళ్లు కొంచెం తగ్గినా ఫర్వాలేదు.

నల్లసిరా:
నీళ్లు తగ్గించలేను, ఆ గడి కోసమే ఈ పేజీ మొదలుపెట్టాను. కేకనే రెండు మాటలకు కుదిస్తాను. 'రాకండర్రా! గట్టు!' ఆ రాత్రి అమ్మమ్మ అరిచింది కూడా ఇంచుమించు అంతే. ఆదివారం గీసి ఇక్కడే పెడతాను.