సమస్య: తాతకంటె ముందె తనయుఁ డుండె

నిర్వాహకుడు:
మత్తయి సువార్త మొదటి అధ్యాయం చదవడం మొదలుపెడితే ఆరాధనలో సగం మంది ఆవులిస్తారు. ఆ పేర్ల వరుస వింటుండగానే నాకీ పాదం తట్టింది. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. విషయం వంశావళి. బైబిలు బయటికి వెళ్ళినా అభ్యంతరం లేదు. గడువు బుధవారం రాత్రి.

తాతకంటె ముందె తనయుఁ డుండె

కిమిడి కవి:
బోణీ నాదే.

గుడికి బయలుదేరి కొడుకు ముందరఁ జేరె
చాప నేల మీద చక్కఁ బఱచె
కర్ర పట్టి తాత కడపటఁ గూర్చుండె
తాతకంటె ముందె తనయుఁ డుండె

గుణుపురం మాష్టారు:
గణాలకు (అక్షరాల కొలతకు) వంక లేదు, యతికీ (పాదం మధ్య అక్షర మైత్రికి) లేదు. విరుపే లేదు. కొడుకు ముందు వెళ్ళి చాప పరవడం ప్రతి ఆదివారం జరిగేదే, అందులో సమస్య ఎక్కడ? నా పూరణ చూడండి.

ఏబదేండ్లు లేని యేసు పల్కెను నాఁడు
అబ్రహాము లేని యపుడె నేను
ఉంటి నన్న మాట మంటలు రేపెను
తాతకంటె ముందె తనయుఁ డుండె

బరంపురం బావ:
ఈ సమస్యకు యోహాను 8వ అధ్యాయమే సమాధానమని చూడగానే అందరికీ తెలుస్తుంది. మాష్టారు అందరికంటే ముందు టైపు చేశారు, అంతే. "ఉంటి", "మంటలు" మధ్య ప్రాసయతి (రెండో అక్షరాలు కలిసే యతి) బాగా కుదిరింది, కాదనను. కానీ "నాఁడు" తరవాత "అబ్రహాము", "నేను" తరవాత "ఉంటి". ఒకే పద్యంలో సంధి చేయకుండా వదిలేసిన చోట్లు, విసంధులు, రెండా! వినాయక చవితి సమస్యకు చిన్న రైలు మీద రాసినప్పుడూ ఇదే వరుస. నౌపడ నుంచి 1900లో పర్లాకిమిడి దాకా వచ్చిన ఆ రైలు గుణుపురం చేరేసరికి 1931 అయింది. మాష్టారి మూడో పాదం ఇంకా దారిలోనే ఉంది.

గుణుపురం మాష్టారు:
ఆ పద్యంలో ఆగింది రైలు, యతి కాదు. పాదాంతంలో విరామం ఉన్నప్పుడు సంధి తప్పనిసరి కాదని ఇక్కడే ఒకసారి తేల్చుకున్నాం. బావగారు తమ పూరణ పెట్టి మాట్లాడితే అందంగా ఉంటుంది.

బరంపురం బావ:
పెట్టాను, చదవండి. హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం తెలిసినవారికే రుచిస్తుంది.

తల్లి తండ్రి లేని తనకు వంశము లేదు
మెల్కిసెదెకు రాజు మేటి యాజకుఁడు
అబ్రహాము వచ్చి యతని దీవెన పొందె
తాతకంటె ముందె తనయుఁ డుండె

కిమిడి కవి:
అబ్బో! షాలేము రాజు దాకా వెళ్ళారు. అబ్రాహామంతటి మూలపురుషుడు పదో వంతు చెల్లించి దీవెన పొందింది వంశమే చెప్పని మనిషి దగ్గర. చాప పరిచినవాణ్ణి నేను, తలవంచాను.

గుణుపురం మాష్టారు:
తల ఎత్తండి కవిగారూ, అంత తొందరెందుకు? రెండో పాదం చివర "యాజకుఁడు" ఏ గణమో బావగారినే అడగండి. అది చిన్న తప్పు. పెద్దది అన్వయంలో ఉంది. తల్లీ తండ్రీ లేరని మొదటి పాదంలో చాటి, నాలుగో పాదంలో తనయుడంటున్నారు. ఎవరి తనయుడు?

బరంపురం బావ:
ఆయన దేవుని కుమారునికి పోలిక అని ఆ పత్రికే చెబుతోంది.

గుణుపురం మాష్టారు:
పత్రిక చెబుతోంది, పద్యం చెప్పడం లేదు.

రాయగడ అక్కయ్య:
మీరిద్దరూ అబ్రాహామును చెరో వైపు లాగుతుంటే నేను మా సంఘం పుస్తకం తిరగేశాను.

సంఘ పుస్తకమున సంతకమ్ములు చూడ
మొదట కొడుకు పేరు, ముసలి పిదప
రక్త బంధ మొకటి, రక్షణ వేఱొండు
తాతకంటె ముందె తనయుఁ డుండె

ఇది కల్పన కాదు. చాలా ఇళ్ళలో కొడుకు ముందు బాప్తిస్మం తీసుకున్నాడు, తండ్రి ఏళ్ళ తరవాత వచ్చాడు. అయినా మా వైపు పెళ్ళి మాటల్లో ఇంటిపేరు అడిగిన వెంటనే "ఎన్నో తరం క్రైస్తవులు?" అని అడుగుతారు. పర్లాకిమిడి వారు కెనడా బాప్టిస్టు మిషను నాటి నుంచి లెక్క చెబుతారు. కోరాపుట్ వారు 1882లో వచ్చిన బ్రెక్లుం లూథరన్ల నుంచి మొదలుపెడతారు. అబ్రాహాము మాకు తండ్రి అని చెప్పుకొన్నవారితో బాప్తిస్మమిచ్చు యోహాను, ఈ రాళ్ళతోనైనా దేవుడు అబ్రాహాముకు పిల్లల్ని పుట్టించగలడన్నాడు. తాంబూలాలప్పుడు ఆ వాక్యం ఎవరూ చదవరు.

కిమిడి కవి:
మూడో పాదం బంగారం. కానీ తాతగారిని "ముసలి" అనేశారే!

రాయగడ అక్కయ్య:
యతి అడిగింది, ఇచ్చాను. ఒక మాట నేనూ అడుగుతాను. మత్తయి పట్టీలో తామారు, రాహాబు, రూతు ఉన్నారు. నాలుగో ఆమెకు పేరు కూడా లేదు, ఊరియా భార్య అనే ఉంది. రాహాబు యెరికో స్త్రీ, రూతు మోయాబు స్త్రీ. పరువు కోసం వంశం రాసేవాడెవడైనా ముందు దాచేది వీళ్ళనే. ఆయన దాచలేదు. ఇంతమంది పురుషపుంగవుల్లో ఒక్కరికీ వాళ్ళు గుర్తు రాలేదా?

నిర్వాహకుడు:
అక్కయ్య అడిగినది న్యాయం. వచ్చే సమస్య ఆ నలుగురి మీదే. అక్కయ్య ఎత్తారు కనుక నాకు తోచినదీ చెబుతాను. మత్తయి మనవాడే, గణాలు చూసుకొని రాశాడు. అబ్రాహాము నుంచి దావీదు దాకా పద్నాలుగు తరాలు, అక్కడి నుంచి బబులోను చెర దాకా పద్నాలుగు, క్రీస్తు దాకా మరో పద్నాలుగు. లెక్క కుదరడానికి యెహోరాము తరవాత అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను ఎత్తేశాడు. బైబిలులోనే దినవృత్తాంతాల గ్రంథం తీసి చూస్తే ముగ్గురూ కనిపిస్తారు. హెబ్రీలో దావీదు పేరులోని అక్షరాల విలువ కూడితే నాలుగు, ఆరు, నాలుగు కలిసి పద్నాలుగే. కరణం ఇలా రాస్తే ఉద్యోగం పోతుంది. కవి రాస్తే అది ఛందస్సు.

గుణుపురం మాష్టారు:
మూడో వరుసలో కొత్త పేర్లు లెక్కిస్తే పదమూడే వస్తాయి. మత్తయికీ గణభంగం తప్పలేదు. బావగారికి ఓదార్పు.

కాశీనగరం:
ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. మా ఇంటి వెనక పారేది వంశధార, అందుకని ధైర్యం చేస్తున్నాను.

మత్తయి దిగి వచ్చె మనుమని దాఁకను
లూక యెక్కి పోయె లోక పితకు
వంశధార కెదురు వ్రాసిన వరుసలో
తాతకంటె ముందె తనయుఁ డుండె

గుణుపురం మాష్టారు:
ఎక్కడ దాక్కున్నారండీ ఇన్నాళ్ళు! లూకా మూడో అధ్యాయం యేసుతో మొదలై ఆదాము మీదుగా దేవుడి దాకా పైకి పోతుంది. కాగితం మీదే కొడుకు తాతకంటె ముందు. అద్భుతాలు అక్కరలేదు, పుస్తకం చాలు. నా యోహానును వెనక్కి తీసుకోను కానీ, పక్కకు జరుపుతాను.

బరంపురం బావ:
బాగుంది. అయితే నా "మెల్కీ"ని "మెల్కి" చేస్తే మూతి విరిచినవారు "లూకా"ను "లూక" చేస్తే మెచ్చుకుంటున్నారా?

గుణుపురం మాష్టారు:
"మెల్కి" గురించి నేనేమీ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

బరంపురం బావ:
సరే, ఇంకో ప్రశ్న. ఇంతకీ తాత ఎవరు? యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ.

కాశీనగరం:
నేను రాసింది లూకా వరుస కనుక హేలీ అనుకోండి. యేసు పేరు ఆయనకంటె ముందే ఉంది.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం కాశీనగరానికి. అక్కయ్య మూడో పాదాన్ని విడిగా రాసి పెట్టుకున్నాను.

బరంపురం బావ:
సవరణ: "మెల్కిసెదెకు రాజు మేటి గురువు". ఇప్పుడు చూడండి మాష్టారూ.

గుణుపురం మాష్టారు:
గణం సరిపోయింది. తండ్రి మాత్రం ఇంకా దొరకలేదు.