పామూరు వదిలాక మాకు ‘పామూరు’ ఇంటిపేరైంది, అంతకుముందు ఏమిటో ఎలా తెలుస్తుంది?

అందరికీ నమస్కారం. మేము నెల్లూరులో ఉంటాం. మా ఇంటిపేరు పామూరు. ధాత కరువులో (1876-78) మా పెద్దలు పిల్లల్ని తీసుకుని ఊరు విడిచి కావలి వైపు వచ్చేశారని నాయనమ్మ చెప్పేది. అక్కడి నుంచి తాతయ్య అల్లూరికి, నాన్న నెల్లూరికి.

మొన్న పామూరు వెళ్లి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను అడిగాను. "ఊళ్లో ఉన్నోళ్లకు ఊరి పేరు ఎందుకు పెడతారయ్యా, బయటికి పోయినోళ్లనే అట్టా పిలుస్తారు" అన్నాడు ఒక తాత. నిజమే కదా! అంటే మా అసలు ఇంటిపేరు వేరే ఉండాలి.

ఆధారమంటే ఒక ఇత్తడి చెంబు మాత్రమే ఉంది. అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించారు. మొదటి అక్షరం ‘చ’ లాగా ఉంది, తర్వాతది తోమి తోమి అరిగిపోయింది. నాయనమ్మ దాన్ని చింతపండుతో తోమనిచ్చేది కాదు.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పామూరు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే పాత భూమి రికార్డుల కోసం నెల్లూరులో అడగాలా, ఒంగోలులోనా, లేక మద్రాసు రాజధాని కాలం కాగితాలున్న చెన్నై ఎగ్మోరు ఆర్కైవ్స్‌కే వెళ్లాలా? ఇలా వెతికినవాళ్లు ఉంటే ఏ రిజిస్టరు పేరు చెప్పి అడగాలో దయచేసి చెప్పండి. పామూరు చుట్టుపక్కల ‘చ’తో మొదలయ్యే ఇంటిపేర్లు తెలిస్తే అవీ రాయండి. నాన్నకు ఎనభై దాటాయి, ఆయన ఉండగానే తెలుసుకోవాలని నా ఆరాటం.