సమస్య: రెండు గీతలు కలిసెను రెండుచోట్ల

నిర్వాహకుడు: పై పాదమే చివరిదిగా, అర్థం కుదిరేలా పద్యం పూరించాలి; ఈసారి ఛందస్సు తేటగీతి. వేర్వేరు సరళరేఖలు రెండు ఉంటే ఒక్క బిందువు దగ్గర కలుస్తాయి, లేదా అసలు కలవవు. చిక్కంతా అక్కడే. గీత అనే పేరున్న అమ్మాయిలను మాత్రం తేకండి. మనుషులకు ‘ఇద్దరు’ కావాలి, ‘రెండు’ చెల్లదు.

అమీర్‌పేట సభ్యుడు:
నీలిలైనును నెఱ్ఱది నేర్పు మీర
మన యమీరుపేట మొదట, మరల సాగి
కోటి దగ్గర నింకొక కూడలిఁ గని
రెండు గీతలు కలిసెను రెండుచోట్ల.

లెక్కల మాస్టారు, ఉప్పల్: ‘నేర్పు మీర’ పాదం నింపడానికే వచ్చింది, పోనివ్వండి. హైదరాబాద్ మెట్రోలో కోటి దగ్గర మహాత్మాగాంధీ బస్ స్టేషన్, అదే ఎంజీబీఎస్‌లో ఎర్రలైను కలిసేది ఆకుపచ్చతో కదా! ఆకుపచ్చా నీలమూ కలిసేది పరేడ్ గ్రౌండ్ దగ్గర. కాగితం మీద గీసి చూడండి, ఏ జంటకైనా ఒక్కటే కూడలి. మధ్యలో త్రిభుజం మిగులుతుంది.

అమీర్‌పేట సభ్యుడు: రోజూ ఎక్కే మెట్రోనే మాస్టారూ, సిగ్గేస్తోంది. ‘అమీ’లో లఘువు (పొట్టి అక్షరం) వెంటనే గురువు (పొడుగు అక్షరం). తేటగీతిలో వచ్చే ఏ గణం (అక్షరాల గుంపు) మొదట్లోనూ ఇమడదు. ముందు ‘మన’ తగిలించేసరికే నా స్టేషన్ దాటిపోయింది.

మల్కాజిగిరి అక్కయ్య:
భూమి బంతిపై నిలువుగాఁ బోవుచుండి,
మధ్యలో దూరమైనను మరలఁ జేరి,
ధ్రువము లుత్తర దక్షిణల్ దొరకఁగానె
రెండు గీతలు కలిసెను రెండుచోట్ల.

నిర్వాహకుడు: భేష్ అక్కయ్యా! రేఖాంశాల మధ్య ఎడం భూమధ్యరేఖ దగ్గరే ఎక్కువ, అది రెండో పాదంలో చక్కగా పడింది. కానీ ‘దక్షిణల్’ వినగానే పురోహితుడి తాంబూలం గుర్తొస్తోంది. ‘ధ్రువము లిరువైపు లందును దొరకఁగానె’ అంటే గణాలూ, యతీ (పాదంలో కుదరాల్సిన అక్షరమైత్రి) చెడవు.

అక్కయ్య: మార్చుకున్నాను. దక్షిణ మీకే.

లెక్కల మాస్టారు: బంతి ఎక్కకుండా, బల్లపరుపు కాగితం మీదే నా పూరణ.
సూత్ర మొక్కటి; రెట్టింపు చూడ నొకటి;
వేరు వేరుగా గీసిన వేళఁ గూడ
నొక్క దానిపై రెండవ దొదిగియుండ
రెండు గీతలు కలిసెను రెండుచోట్ల.

అమీర్‌పేట సభ్యుడు: అర్థం కాలేదండీ.

లెక్కల మాస్టారు: ఎక్స్ + వై = 5 ఒక గీత. 2ఎక్స్ + 2వై = 10 ఇంకొకటి. దీన్ని 2తో భాగిస్తే మొదటిదే వస్తుంది. (1, 4), (2, 3) రెండు బిందువులూ రెండింటి మీదా ఉన్నాయి. పదో తరగతిలో ఏకీభవించే రేఖలంటామే, అవే.

అక్కయ్య: అలాగైతే లెక్కలేనన్ని చోట్ల కలిసినట్టే కదండీ!

లెక్కల మాస్టారు: కలిశాయి. సమస్యలో ‘రెండేచోట్ల’ అని లేదుగా అమ్మా.