బోరు కోటా తోడిన నీటికా, పంట తాగిన నీటికా?

భూగర్భజల కోటా నిబంధనలో ఒక చిక్కుముడి, తెలిసినవారు విప్పండి. హెక్టారుకు ఏడాదికి 5,000 ఘనమీటర్ల కోటా అనుకుందాం. మళ్లకు పారిస్తే 60 శాతం, అంటే 3,000 పంట తాగుతుంది. మిగతా 2,000లో చాలావరకు తిరిగి భూమిలోకే ఇంకుతుంది. డ్రిప్‌లో 90 శాతం మొక్కకే. రైతు అదే 5,000తో ఒకటిన్నర హెక్టార్లు తడిపితే పంట తాగేది 4,500. మీటరు రీడింగు మారదు, నీటిమట్టం మాత్రం దిగిపోతుంది! సబ్సిడీ ఇచ్చి మరీ కొనితెచ్చుకునే నష్టం ఇది.

సాగు విస్తీర్ణానికి పరిమితి పెట్టాలా, డ్రిప్ ఉన్నచోట కోటా 3,333కి (అందులో 90 శాతం అంటే పాత 3,000) కోయాలా? కోస్తే డ్రిప్ ఎవరు వేస్తారు? ఉపగ్రహ చిత్రాలతో నేల నుంచి, మొక్కల నుంచి ఆవిరయ్యే నీటిని లెక్కగట్టి కోటా వేస్తే కోర్టులో నిలుస్తుందా? ఇక మీటరు సంగతి: పైపు వంపు పక్కనే బిగిస్తే రీడింగు తప్పుతుంది. మీటరుకు ముందు పైపు వ్యాసానికి పది రెట్ల పొడవున తిన్నని పైపు ఉండాలన్న షరతు నిబంధనలోనే రాయాలా?