రోబో గాలి ట్యాంకు మీద గుద్దిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (మూడో సంవత్సరం, మెకానికల్, చెన్నై):
కాలేజీ జట్ల రోబో పోటీ రోబోకాన్ కోసం మా జట్టు కడుతున్న రోబోకు ప్యారీస్ కార్నర్‌లో ఒక లీటరు స్టీలు ట్యాంకు కొన్నాం. దాని మీద ‘10 బార్’ (బార్ అంటే పీడనం కొలత) అని మాత్రమే గుద్ది ఉంది. మా వర్క్‌షాపు కంప్రెసర్ 8 బార్‌ల దాకా ఎక్కుతుంది. పోటీ నియమం 600 కిలోపాస్కల్‌లు, అంటే 6 బార్‌లు, దాటవద్దంటుంది కనుక ట్యాంకు తర్వాత పీడనాన్ని తగ్గించి పంపే రెగ్యులేటరు పెట్టి 6కి తిప్పాం. బరువు తగ్గాలంటే కూల్‌డ్రింకు సీసాలు వాడమని సీనియర్లు అంటున్నారు. ఈ అమరికలో ప్రమాదమేమైనా ఉందాండీ?

జవాబు (పాత రోబోకాన్ జట్టు సభ్యుడు, బెంగళూరు):
ఉంది. రెగ్యులేటరు తన తర్వాతి గొట్టాన్ని కాపాడుతుందే గాని, తనకు ముందున్న ట్యాంకును కాదు. మీ ట్యాంకులో నిలిచేది 8 బార్‌ల గాలే, కాబట్టి నియమం కూడా అక్కడే తప్పింది. గాలి నింపే గొట్టానికే రెగ్యులేటరు బిగించి 5.5 దగ్గర ఆపండి. 6 దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వును నేరుగా ట్యాంకుకే పెట్టండి, మధ్యలో మూసే వాల్వేదీ ఉండకూడదు. అమెరికాలో బడిపిల్లలు ఆడే ఎఫ్‌ఆర్‌సీ పోటీలోనూ వరుస ఇదే: నిల్వ 120 పీఎస్‌ఐకి (అక్కడి పీడనం కొలత; సుమారు 14.5 పీఎస్‌ఐ ఒక బార్) మించదు, సేఫ్టీ వాల్వు 125 దగ్గర వదులుతుంది, పని చేసే గాలి 60కి దిగుతుంది.

ఇక ఆ ‘10’ వాడుక పీడనమా, పరీక్ష పీడనమా అన్నది అమ్మినవారిని అడిగి తేల్చుకోండి. పరీక్షను వాడుక కంటే ఎక్కువ పీడనం దగ్గర చేస్తారు కనుక, అది పరీక్ష అంకె అయితే మీరనుకున్న వెసులుబాటు లేనట్టే. ఒక లీటరులో 6 బార్‌ల గాలి ఒక్కసారిగా బయటపడితే సుమారు 700 జౌళ్ల శక్తి వస్తుంది. పది కిలోల రాయి ఏడు మీటర్ల ఎత్తు నుంచి పడ్డట్టు.

జవాబు (కంప్రెసర్ల మరమ్మతు, అంబత్తూరు):
సీసాల సంగతి నేను చెబుతాను. సోడా నింపే సీసా కొంత ఒత్తిడిని తట్టుకుంటుంది, మంచినీళ్ల సీసా అసలు పనికిరాదు. అయితే ఏ సీసా మీదా పీడనం అంకె ఉండదు. నా అభ్యంతరం అదే. వాడక తప్పదంటే, సీసాను కట్టే ప్లాస్టిక్ ట్యాగు బిగించిన చోట గీత పడినా, అడుగున పాలరంగు మరక తేలినా పారేయండి. గాలి నింపి మూసిన వ్యానులో మాత్రం ఉంచకండి: 30 డిగ్రీల దగ్గర నింపిన 6 బార్‌లు 60 డిగ్రీలకు 6.7 అవుతాయి, పైగా ఆ వేడికి ప్లాస్టిక్ బలం తగ్గుతుంది. పీవీసీ పైపుతో ట్యాంకు చేసుకోవాలన్న ఆలోచన వస్తే మానుకోండి, అది పెంకులై ఎగురుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1988లోనే ఈ హెచ్చరిక చేసింది.

స్టీలు ట్యాంకును పరీక్షించదలిస్తే నిండా నీళ్లు పోసి, గాలి బుడగ మిగలకుండా, చేతి పంపుతో ఒత్తిడి పెంచండి. నీరు దాదాపుగా నొక్కుకుపోదు కనుక, పగుళ్లు వచ్చినా కారుతుందే తప్ప గాలిలా పేలదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. సాయంత్రం రోబోను తిప్పి చూశాం. సేఫ్టీ వాల్వు ముందునుంచీ ఉంది, కానీ దానికీ ట్యాంకుకూ మధ్య ఎవరో ఒక బాల్ వాల్వు పెట్టారు; దాని ఎర్ర పిడి గొట్టానికి అడ్డంగా, మూసి ఉంది.